పెద్దల్లుణ్ణి దించిన రోజులు

2వ తేదీ, సోమవారం

నాన్న ఈరోజు షెడ్డులోకి వచ్చాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ చెయ్యి పట్టుకుని తీసుకురాలేదు. వరండాలో కుర్చీలోంచి తనంతట తనే లేచి వచ్చాడు. ఎడమ చెప్పు కుడి కాలికి వేసుకుని వచ్చినా సరే, వచ్చాడు. నాకది చాలు.

నేనప్పుడు ఒక కారు బ్రేకులు విప్పుతున్నాను. నన్ను దాటుకుని తిన్నగా మూలకి వెళ్ళి, పాత పికప్ మీది పట్టా లాగేశాడు. దుమ్ము లేచి ఇద్దరం దగ్గాం. ఆ బండిని నాన్న పెద్దల్లుడు అంటాడు. నా పెళ్ళికి ముందే ఇంటికొచ్చిందట, ఎంత పోసినా తాగుతుందట, మాట మాత్రం వినదట. మా ఆయనకి ఆ పేరు ఒళ్ళుమంట, తను చిన్నల్లుడైపోతాడని.

బానెట్ మీద చెయ్యి వేసి, "ముందు భాగం దించాలమ్మాయ్" అన్నాడు.

అమ్మాయ్ అన్నాడు! ఈ మధ్య నన్ను "ఏమండీ, కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా" అని అడుగుతున్నాడు, తెలియనివాళ్ళింట్లో దిగిన చుట్టంలాగా. నేను ఇస్తాను, వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకుంటాను, మళ్ళీ వచ్చి గ్లాసు తీసుకుంటాను.

"కుర్రాళ్ళు ముచ్చటపడి బండి ఎత్తు తగ్గించుకుంటారు నాన్నా. ఈ వయసులో నీకెందుకా సోకు?" అన్నాను.

"ముందు ఒక్కటే. వెనక ముట్టుకోకు."

సరే అన్నాను. ఆ క్షణంలో బండి తలకిందులు చెయ్యమన్నా సరే అనేదాన్ని.

3వ తేదీ

పని మొదలుపెట్టాం. వేరే బళ్ళన్నీ బయటికి నెట్టేశాను, ఎవరు తిట్టుకుంటే తిట్టుకోనీ.

ముందు భాగం జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టి, చక్రాలు తీశాం. నేను షాక్ అబ్సార్బర్ ఊడదీసి, చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింటు నట్టు మీద పానా పెట్టగానే నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. "గొలుసేది?" అన్నాడు. నిజమే, మర్చిపోయాను. బండి బరువంతా అణిచిపెట్టుకుని ఉంటుంది స్ప్రింగు. అజాగ్రత్తగా వదిలితే ఎగిరొచ్చి మనిషిని అక్కడికక్కడే పడేస్తుంది. స్ప్రింగులోంచి గొలుసు దూర్చి ఛాసిస్‌కి కట్టాక గాని నన్ను నట్టు ముట్టుకోనివ్వలేదు. నిన్నటిదాకా చొక్కా గుండీలు పెట్టుకోవడం రాని మనిషి!

స్ప్రింగు బయటికొచ్చాక కోయడానికి గ్యాస్ కట్టర్ అందుకున్నాను. "అది ముట్టుకున్నావంటే వీపు చీరేస్తా. వేడి తగిలితే ఉక్కు చస్తుంది. రంపం బ్లేడుతో కొయ్యి, ఆగి ఆగి కొయ్యి." స్ప్రింగు ఎంత పొట్టిదైతే బండి ముక్కు అంత కిందికి దిగుతుంది. అరచుట్టు కోశాను. కోసిన అంచు మీద వేలు రాసి చూశాడు. "నీ కోత ఎప్పుడూ సాపుగా ఉంటుంది" అన్నాడు. చిన్నప్పుడు నన్ను మెచ్చుకున్నది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడింకోటి.

ఊడదీసిన నట్లన్నీ చొక్కా జేబులో వేసుకుంటున్నాడు, ఎప్పట్లాగే. అదే ఆయన పద్ధతి. కింద పెట్టకూడదు, డబ్బాలో వెయ్యకూడదు. "జేబులో బరువుంటే మళ్ళీ బిగించాలని గుర్తుంటుంది" అంటాడు. అమ్మ బట్టలుతికేటప్పుడు నట్లు దొరికితే నెత్తి కొట్టుకునేది. సాయంత్రానికి అన్నీ బిగించాడు. జేబు ఖాళీ చేసి నాకు చూపించాడు.

4వ తేదీ

ఇంకా దించాలట.

6వ తేదీ, శుక్రవారం

నేను స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్ళొచ్చేసరికి నాన్న లేడు. వీధి చివరిదాకా పరిగెత్తాను. ఇంతలో రైలు కట్ట దగ్గర హెయిర్ కటింగ్ షాపు అతను నాన్నని నడిపించుకుంటూ వస్తున్నాడు. నాన్న భుజం మీద ఒక గెడ.

"మేస్త్రిగారు మా షాపు ముందర నిలబడి ఈ గెడ కోయించుకున్నారక్కా. వడ్రంగి షెడ్డతన్ని బతిమాలి మరీ. ఏమిటని అడిగితే చెప్పరు."

"బట్టలారేసుకోవడానికేమోలే" అన్నాను నవ్వుతూ. అతనూ నవ్వాడు.

నాన్న నవ్వలేదు. తిన్నగా షెడ్డులోకి వెళ్ళి గెడని పెద్దల్లుడి పక్కన నిలబెట్టాడు. క్యాబిన్ కప్పు గెడ కన్నా ఎత్తుగా ఉంది. కప్పు మీద చెక్క అడ్డంగా పెట్టి, గెడ చివరికీ చెక్కకీ మధ్య ఎంత తేడా ఉందో వేళ్ళతో చూశాడు. "ఇంకా దించాలి" అన్నాడు.

8వ తేదీ, ఆదివారం

సెలవు. షెడ్డు తీయలేదు. పొద్దున్న టీ ఇస్తుంటే "మీరెవరమ్మా?" అన్నాడు.

ఇక సెలవు లేదు. ఆదివారాలు కూడా పనే.

9వ తేదీ

ఈరోజు మళ్ళీ మామూలుగా ఉన్నాడు. రెండోసారి స్ప్రింగులు విప్పి కోశాం. పని చేస్తూ లారీ కథ చెప్పాడు. నేను పుట్టకముందు ఒకసారి రైలు కట్ట కింది అండర్‌బ్రిడ్జి ముందున్న ఇనుప గడ్డర్ కింద ఒక లారీ ఇరుక్కుపోయిందట. ముందుకూ పోదు, వెనక్కీ రాదు. ఇంజనీర్లొచ్చి గడ్డర్ కోయాలన్నారట, ఇంకొకరెవరో లారీ కప్పే కోయాలన్నారట. అప్పుడు నాన్న గుంపులోంచి వెళ్ళి, కింద కూర్చుని, చక్రాల్లో గాలి తీసేశాడట. లారీ బెత్తెడు కిందికి దిగి బుద్ధిగా బయటికొచ్చిందట. అందరూ చప్పట్లు కొట్టారట.

ఈ కథ నాకు కంఠతా వచ్చు. అమ్మ పోయాక చెప్పడం మానేశాడు. ఇన్నేళ్ళకి మళ్ళీ ఈరోజే చెప్పాడు. నవ్వుతూ విన్నాను.

మా ఆయన భోజనం దగ్గర అడిగారు. "ఆ బండిని ఎందుకలా కోసి కోసి దించుతున్నారు?"

"ఊరికే. పని ఉంటే ఆయన బాగుంటున్నాడు."

"బాగుండి, ఎక్కి ఎటైనా వెళ్ళిపోతే?"

"వెళ్ళడు."

"తాళం ఎక్కడుంది?"

"నా దగ్గరే ఉంది. నడుముకి కట్టుకుని తిరుగుతున్నాను, చూస్తారా?"

మా ఆయన బస్సు డిపోలో టికెట్ల కౌంటర్లో పని చేస్తారు. ఎక్కడికి, ఎంతమంది అని అడగడం అలవాటు. ఆ చిన్న కిటికీలోంచి మాట్లాడినట్టే ఇంట్లోనూ మాట్లాడతారు. 

11వ తేదీ, బుధవారం

అండర్‌బ్రిడ్జి దగ్గరికి వెళ్ళాను. గెడ తీసుకుని వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో రాయను.

రాస్తాను. ఇది నా డైరీ, ఇందులో కూడా దాచుకుంటే ఇంకెక్కడ చెప్పుకుంటాను?

దారికి అడ్డంగా రెండు స్తంభాల మీద ఇనుప గడ్డర్ ఉంటుంది. దాని కింద పట్టిన బండే బ్రిడ్జి కిందా దూరుతుంది. గెడని గడ్డర్ కింద నిలబెట్టాను. సరిగ్గా సరిపోయింది. కాగితం దూర్చే సందు కూడా లేదు.

గడ్డర్ దాటాక దారి వాలుగా కిందికి దిగి, రైలు పట్టాల కిందుగా పోయి అవతల పైకి లేస్తుంది. అవతల ఆస్పత్రి. అమ్మకి గుండెల్లో నొప్పి వచ్చిన రోజు నాన్న పెద్దల్లుడిలోనే తీసుకెళ్ళాడు. అంతకుముందు వారమే ఆ దారికి కొత్తగా తారు వేశారు. పాత తారు తవ్వరు, దాని మీదే వేసుకుంటూ పోతారు. దారి పైకి లేస్తూ ఉంటుంది, గడ్డర్ ఎక్కడిదక్కడే. వందలసార్లు దూరిన బండి ఆ రోజు కప్పు తగిలి ఆగిపోయింది. నాన్న వెనక్కి తీసి, ఊరంతా చుట్టి, రైలు గేటు దగ్గర ఆగి, అవతలికి చేరేసరికి అమ్మ లేదు.

ఆ రోజు టైర్లలో గాలి తియ్యొచ్చని ఆయనకి తోచలేదు. ఎవరిదో లారీ కోసం తోచింది గాని, అమ్మ కోసం తోచలేదు. ఆ మాట ఎవరూ అనలేదు. అందుకే ఆ కథ కూడా ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు బ్రిడ్జి కింద నీళ్ళున్నాయి. వానాకాలం ఎప్పుడూ ఉండేవే. లోతు తెలియదు, చాక్లెట్ రంగులో కదలకుండా ఉన్నాయి. పోయినేడు ఒక కారు మునిగిందని కటింగ్ షాపు అతను చెప్పాడు. "మేస్త్రిగారు మొన్న కూడా ఇక్కడే నిలబడి చూస్తున్నారక్కా, నీళ్ళని కాదు, పైన గడ్డర్ని" అన్నాడు.

ఆయనకి కొలతలంటే ఇష్టం. అంతే అయ్యుంటుంది. మెకానిక్‌కి ఏదో ఒక కొలత కావాలి కదా, ఎంత దించాలో తెలియడానికి. అంతే.

12వ తేదీ

పని ఆపేద్దామని పొద్దున్నే షెడ్డుకి తాళం వేశాను. పదిగంటలకల్లా నాన్న కుర్చీలో చేతులు కదుపుతూ గాల్లో నట్లు బిగిస్తున్నాడు. "ఏమండీ, ఇది ఎవరిల్లు?" అన్నాడు.

షెడ్డు తాళం తీశాను.

14వ తేదీ, శనివారం

మూడో కోత. దాంతో ముందు చక్రాలు మడ్‌గార్డు అంచుకి రాసుకుంటున్నాయి. అంచు లోపలికి కొట్టాను. కుదుపుకి అడ్డుపడే రబ్బరు దిమ్మలు కూడా సగానికి కోయాల్సి వచ్చింది. ఇప్పుడు బండి ముక్కు నేలకి ఆనించి వాసన చూస్తున్నట్టు ఉంది. రేడియేటర్, ఫ్యాను, అన్నీ కిందికి వచ్చేశాయి. మా ఆయన చూసి "దీని కన్నా నా స్కూటర్ ఎత్తుగా ఉంది" అన్నారు.

కప్పుకీ గెడకీ ఇప్పుడు బొటనవేలు మందం తేడా ఉంది. అంతే. ఇంకో పావుచుట్టు కోస్తే సరిపోతుంది.

నాన్నకి ఈరోజు అన్నీ గుర్తున్నాయి. నా పెళ్ళి, మొదటి షెడ్డు, అమ్మ నాకు పానాలు పట్టుకోవడం నేర్పనివ్వనని పోట్లాడిన రోజు. పగలబడి నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ, "మీ అమ్మకి బాలేనప్పుడు చెప్పు. ఈసారి ఆగేది లేదు" అన్నాడు.

నేను పావుచుట్టు కోయలేను. కోయకుండా ఉండనూ లేను.

15వ తేదీ

దారి దొరికింది. ఎంత చిన్న పని! ఇన్ని రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

కోసిన రబ్బరు దిమ్మ ముక్క ఒకటి తీసుకున్నాను. బొటనవేలు మందం కన్నా కాస్త ఎక్కువ. మధ్యలో గుంట తొలిచి, అంచులు బ్లేడుతో నున్నగా చెక్కి, గెడ అడుక్కి బిగించాను. ఎవరైనా అడిగితే, గెడ జారకుండా అని చెప్తాను. గెడ అంత మేర పొడుగైంది. పక్కన నిలబెడితే ఇప్పుడు కప్పు గెడ కన్నా కిందే ఉంటుంది. నిజానికి బండి గడ్డర్ కింద పట్టదు.

నాన్నని పిలిచి చూపించాను. చెక్క పెట్టి, వేళ్ళు పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. 

"సరిపోయింది" అన్నాడు. నా తల నిమిరాడు.

ఇంక కోత లేదు. ఎప్పుడైనా బండి తీసినా గడ్డర్ దగ్గరే ఆగిపోతాడు. ఆగి, తిట్టుకుని, వెనక్కి వస్తాడు. మళ్ళీ ఇద్దరం కలిసి ఇంకేదో సరిచేస్తాం. టైర్లలో గాలి తీసే సంగతి ఆ రోజే గుర్తు రాని మనిషికి ఇప్పుడేం గుర్తొస్తుంది.

16వ తేదీ

తాళం ఇక నడుముకి కట్టుకోవడం లేదు. ఇద్దరం కలిసి ఇంజను కూడా సరిచేశాక బండికే ఉంచేశాను. నాన్న పొద్దున్నా సాయంత్రం స్టార్ట్ చేసి కాసేపు కూర్చుంటున్నాడు. చేతులు స్టీరింగు మీద. పక్క సీటు దులిపి శుభ్రం చేశాడు.

మా ఆయన "తాళం?" అని అడిగారు. "నా దగ్గరే" అన్నాను. అబద్ధమే. ఆయనకి ఈ సంగతంతా చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాలి.

17వ తేదీ

వాన.

18వ తేదీ

వాన. బళ్ళేమీ రాలేదు. నాన్న షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నాకు ఒళ్ళు నొప్పులు.

19వ తేదీ, గురువారం, పొద్దున్న

జ్వరం. వాన ఆగింది, ఎండ కూడా వచ్చింది. మా ఆయన టాబ్లెట్ ఇచ్చి డ్యూటీకి వెళ్ళారు. పడుకునే రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి.

ఇందాక నాన్న వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేశాడు. "కాలిపోతోంది. లే, ఆస్పత్రికి పోదాం" అన్నాడు. నన్ను అమ్మ పేరుతో పిలిచాడు. ఎదురు చెప్పే ఓపిక లేదు. "నువ్వు బండి తియ్యి, నేను వస్తున్నా" అన్నాను, మారాం చేసే పిల్లలకి చెప్పినట్టు. "నువ్వు నడవద్దు, నేను ఎత్తుకుంటా" అని నా మీది బొంత నా చుట్టూ చుట్టబోయాడు. ఉక్కగా ఉందని విదిలించుకుని అటు తిరిగాను. బొంత తీసుకుని వెళ్ళాడు. ఎండలో వేస్తాడు కాబోలు.

ఇంజన్ స్టార్ట్ అయింది. ఇక్కడికి ఎంత బాగా వినిపిస్తోందో. ముక్కుతూ మూలుగుతూ ఉండేది, ఇప్పుడు మెత్తగా తిరుగుతోంది. మేం ఇద్దరం చేసిన పని అది. కాసేపు అలా కూర్చుని దిగుతాడు.

శబ్దం దూరంగా వినిపిస్తోంది. గాలి అటు తిరిగినట్టుంది.

నిద్ర వస్తోంది.

19వ తేదీ

నీళ్ళు తోడుతున్నారు.

27వ తేదీ

అందరూ వెళ్ళిపోయారు. మా ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నారు. తాళం గురించి అడుగుతారని రోజూ చూశాను. అడగలేదు. అడిగితే బాగుండేది.

కటింగ్ షాపు అతను వచ్చాడు. ఆ రోజు చూసినదంతా తనే చెప్పాలని వచ్చాడట. చెప్పేటప్పుడు నా మొహం చూడలేకపోయాడు.

"మేస్త్రిగారు గడ్డర్ ముందు బండి ఆపి గెడ దింపారక్కా. నిలబెడితే గడ్డర్ కింద పట్టలేదు. ఒకసారి పైకి చూశారు, ఒకసారి కిందికి చూశారు. అడుగున ఉన్న రబ్బరు పీకి చేత్తో తిప్పి తిప్పి చూశారు. నేను ఒకాయనకి గడ్డం గీస్తూ గుమ్మంలోంచి అరిచాను, ఏంటి మేస్త్రిగారూ అని. ఏమన్నారో తెలుసా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"'మా అమ్మాయి చేసిందయ్యా. కోత చూడు, ఎంత సాపుగా ఉందో' అన్నారు. కోపం లేదక్కా. మురిసిపోతూ అన్నారు. తర్వాత కింద కూర్చుని ముందు టైర్లలో గాలి తీశారు. నీళ్ళున్నాయి మేస్త్రిగారూ, అటు పోవద్దు అన్నాను. 'లోపల మనిషికి బాలేదు, ఆగకూడదు' అన్నారు. పక్క సీట్లో బొంత చుట్టుకుని ఉంటే నువ్వే అనుకున్నాను. నువ్వే పక్కన ఉన్నావు కదా, నీకు తెలియదా అనుకుని..."

అతను ఏడ్చాడు. సబ్బు చేతుల్తోనే నీళ్ళలోకి దూకాడట. తలుపు రాలేదట.

బండి గడ్డర్ కింద నుంచి గీత కూడా పడకుండా వెళ్ళిందట. ఎంత తప్పించుకుని వెళ్ళిందంటే, చూసినవాళ్ళెవరూ నమ్మలేదట. గడ్డర్ దాటి వాలు దిగగానే, ముక్కు అంత కిందికి ఉన్న బండి కదా, బానెట్ మీదికి ఒకేసారి నీళ్ళొచ్చాయి. సరిగ్గా పట్టాల కింద ఇంజన్ ఆగింది. ఎత్తుగా ఉన్న బండైతే ఇంకాస్త ముందుకి పోయేదేమో, పోయి అవతల గట్టెక్కేదేమో. అంత ఎత్తున ఉంటే గడ్డరే ఆపేది. ఎటు నుంచి ఆలోచించినా నా బ్లేడు దగ్గరికే వస్తున్నాను.

గాలి సంగతి గుర్తు రాదని నేనే ఇక్కడ రాసుకున్నాను. పేజీ వెనక్కి తిప్పితే కనిపిస్తుంది. ఈసారి ఆయనకి గుర్తొచ్చింది.

28వ తేదీ

పెద్దల్లుణ్ణి లాక్కొచ్చి షెడ్డు ముందు వదిలారు. లోపలంతా బురద. అమ్మేద్దామా అన్నారు మా ఆయన. వద్దన్నాను.

ఆస్పత్రి వాళ్ళిచ్చిన సంచి ఇన్ని రోజులకి విప్పాను. చొక్కా ఎండి అట్టలా ఉంది. జేబు బరువుగా తగిలింది. అందులో రెండు టైరు వాల్వు మూతలు, ఒక రబ్బరు ముక్క.

ముందు టైర్లలో గాలి నింపాను. వాల్వు మూతలు రెండూ బిగించాను. రబ్బరు ముక్కని ఎక్కడ బిగించాలో తెలియడం లేదు. ప్రస్తుతానికి నా జేబులో వేసుకున్నాను.